పదిహేడో ప్లాటు

2007లో అచ్చయిన నా పరిశోధన వ్యాసం ఒకటి తప్పు. అది తప్పని నాకు చెప్పినవాళ్లు ఇద్దరు. ఒకరి పేరు ఈనాటికీ తెలియదు. రెండో ఆమె పేరు తెలుసు గానీ ఇక్కడ రాయను. ఇద్దరినీ పగవాళ్లుగానే చూశాను. వాళ్లు చెప్పింది నిజమని 2009 ఏప్రిల్‌లో ఒక మిట్టమధ్యాహ్నం నాకే తెలిసొచ్చింది. ఆ సంగతి పత్రికకు రాసింది మాత్రం 2023 చివర్లో. మధ్యలో పద్నాలుగేళ్లు నోరు మెదపలేదు. ఆ మౌనం గురించి, దానికి ముందు చేసిన బుద్ధితక్కువ పనుల గురించి చెప్పుకోవాలని ఇన్నాళ్లకు కూర్చున్నాను.

నేను అటవీశాస్త్రం చదువుకుని, అదే పాఠం చెప్పి, రిటైరైనవాణ్ణి. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు వెళ్లినవాళ్లకు జామాయిల్ తోటలు కొత్త కాదు. క్లాసులో యూకలిప్టస్ అంటాం, రైతు జామాయిల్ అంటాడు. నాలుగైదేళ్లకు నరికితే కర్ర కాగితం మిల్లుకు పోతుంది, మోడు మళ్లీ చిగురిస్తుంది. ఆ చెట్టు మీద మన దేశంలో 1980ల నుంచీ తగవు ఉంది. భూమిలో నీరంతా తాగేస్తుందనీ, తన కింద గడ్డిపోచను కూడా మొలవనివ్వదనీ ఒక పక్షం. ఏమీ పండని నేలలో నాలుగు డబ్బులు చూపిస్తుందని ఇంకో పక్షం. 1983లో కర్ణాటకలోని తుమకూరు జిల్లా రైతులు నర్సరీలో యూకలిప్టస్ మొక్కలు పీకేసి చింత గింజలు నాటారు. నేను చదువుకునే రోజుల్లో ఆ వార్త మీద చర్చ మా హాస్టల్లో రాత్రంతా నడిచింది. అప్పుడే నా మనసు ఒక పక్షం వైపు ఒరిగింది. పరిశోధకుడినయ్యాక కూడా ఆ ఒరుగు అలాగే ఉందని నేను గుర్తించలేదు.

2005 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక జామాయిల్ తోటలోనూ, బండిబాట దాటితే వచ్చే రిజర్వు ఫారెస్టులోనూ కొలతలు తీశాం. తోటలో 20 ప్లాట్లు, అడవిలో 20. ఒక్కో ప్లాటు అయిదు మీటర్ల చదరం. మూలలకు మేకులు కొట్టి, తాళ్లు కట్టి, లోపల పొదలన్నీ జాతులవారీగా లెక్కపెట్టాం. అడవి ప్లాట్లలో తునికి, రేగు, పరికి, బలుసు, మోదుగ మొలకలు, పాలకొడిసె కళకళలాడుతున్నాయి. తోటలో వావిలి, తంగేడు, అడ్డసరం తప్ప చెప్పుకోదగ్గది లేదు. లెక్క కట్టి చూస్తే తేడా చాలా పెద్దది. జామాయిల్ ఆకు రాలి, కుళ్లి, అందులోని రసాయనాలు మొలకల్ని చంపుతున్నాయని రాశాను. రాసేటప్పుడు నాకు ఆవగింజంత సందేహం లేదు.

వ్యాసాన్ని మంచి పేరున్న పత్రికకు పంపాను. బయటివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. పరిశోధన పత్రికకు వ్యాసం పంపితే ఎడిటర్ మొదట తనే చదివి, పనికొస్తుందనుకుంటే ఆ విషయం తెలిసిన ఇద్దరికో ముగ్గురికో పంపుతాడు. వాళ్లనే రివ్యూయర్లంటాం. వాళ్లెవరో రచయితకు చెప్పరు. వాళ్లకు జీతం లేదు, అచ్చులో పేరు ఉండదు. రాత్రిళ్లు కూర్చుని, ఎవరో ఊరూ పేరూ తెలియనివాడి పట్టికలు సరిచూస్తారు. అభిప్రాయాలు వచ్చాక ఎడిటర్ ఒప్పుకుంటాడు, లేదా దిద్దమంటాడు, లేదా తిప్పి పంపుతాడు. రివ్యూయర్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ రచయిత వరసగా జవాబు రాయాలి. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోవడం లేదో రాయాలి. నాకు అయిదు నెలలకు ఉత్తరం వచ్చింది. మొదటి రివ్యూయర్ బాగుందన్నారు. రెండోవారు పేజీన్నర రాశారు.

ఆ పేజీన్నర ఇప్పటికీ నా దగ్గరుంది. సారాంశం ఇది. తోట ఒక్కటే, అడవి ఒక్కటే. మీరు 40 ప్లాట్లు వేసినా మీ దగ్గరున్నవి రెండు స్థలాలే. ఆ రెండు స్థలాలకూ మధ్య తేడాలు వంద ఉండొచ్చు. నేల వేరు కావచ్చు, వెనకటి సాగు వేరు కావచ్చు, పశువుల మేత వేరు కావచ్చు. ఇందులో ఏది కారణమో ఈ కొలతలు చెప్పలేవు. వేరువేరు ఊళ్లలో అయిదారు తోటలు, వాటి పక్కనున్న అడవులు చూడండి. అది కుదరకపోతే జామాయిల్ వల్లే అన్న మాట తీసేసి, మీరు చూసిందేమిటో అదే రాయండి. చివర్లో 1984 నాటి హర్ల్‌బర్ట్ వ్యాసం చదవమన్నారు.

స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ అమెరికన్ శాస్త్రవేత్త. అచ్చయిన 176 ప్రయోగాలను పరిశీలించి, వాటిలో నూటికి 27 ఇదే పొరపాటు చేశాయని ఆయన ఆ వ్యాసంలో చూపించాడు. గణాంక పరీక్షలు వాడిన వాటినే తీసుకుంటే నూటికి 48. దాన్ని నేను ఎం.ఎస్సీ. వాళ్లకు పాఠంగా చెప్పేవాణ్ణి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం కదా. అది ఆ కుండ మటుకే చెల్లుతుంది. ఒకే కుండలోంచి 20 మెతుకులు పట్టి చూసి వీధిలో అందరి వంటా ఉడికిందంటే ఎలా? ఈ పోలిక నా క్లాసులో నేను చెప్పిందే. నాదాకా వచ్చేసరికి ఆ మాట నా చెవికెక్కలేదు.

నేను చేసింది చెబుతాను. జవాబు రాయలేదు. రివ్యూయర్‌కు మన అడవులు తెలియవనీ, ఏసీ గదిలో కూర్చుని కాగితం మీద అడవిని చూస్తున్నాడనీ ఎడిటర్‌కు ఘాటుగా రాసి, వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ఇంకో పత్రికకు పంపాను. ఒక్క అక్షరం మార్చలేదు. అక్కడ ఆరు వారాల్లో ఒప్పుకున్నారు. ఆ రోజు డిపార్టుమెంటులో అందరికీ స్వీట్లు పంచాను. మొదటి పత్రిక రెండో రివ్యూయర్ ఉచితంగా ఇచ్చిన పేజీన్నరను సొరుగులో పడేసి తాళం వేశాను. ఆ వ్యాసానికి జరిగిన నిజమైన సాయం ఆ పేజీన్నర ఒక్కటే.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే నా తప్పు బరువు దాంతోనే తెలుస్తుంది. ఉద్యోగం తొలి రోజుల్లో శిక్షణకని డెహ్రాడూన్ వెళ్లాను. అక్కడి లైబ్రరీలో ‘ఇండియన్ ఫారెస్టర్’ పాత సంపుటాలు వరసగా బైండు చేసి ఉండేవి. విలియం ష్లిష్ సంపాదకుడిగా 1875లో మొదలైన పత్రిక అది. ఒక సాయంత్రం 1896 సంపుటం తెరిస్తే, బర్మాలో నిప్పు కాపలా మితిమీరిపోయిందంటూ స్లేడ్ అనే ఫారెస్టు అధికారి రాసిన వ్యాసం కనబడింది.

అప్పటి అటవీ శాఖకు అడవిలో నిప్పు పడకుండా చూడడమే పరమధర్మం. నిప్పు దాటకుండా గీతలు కొట్టి, కావలి పెట్టి, ఎన్ని చదరపు మైళ్లు కాపాడామని ఏటేటా లెక్కలు రాసుకునేవారు. ఆ లెక్కే అధికారికి పేరు. స్లేడ్ వచ్చి, మీరు కాపాడిన చోట టేకు మొలక పైకి రావడం లేదన్నాడు. ఏటా నేల కాలిన చోట టేకు మొక్క తట్టుకుని లేస్తుంది. మంట ఆగిన చోట వెదురూ, పచ్చటి పొదా కమ్మేసి, టేకు మొలకకు వెలుతురు అందనివ్వవు. ఆ మాట అన్నది శాఖలో పని చేస్తున్న మనిషి, అన్నది శాఖ విధానం మీద, అచ్చయింది శాఖవాళ్లే చదివే పత్రికలో. ఆ తర్వాత వాదం ఏళ్ల తరబడి నడిచింది. కాదన్నవాళ్లు రాశారు, అవునన్నవాళ్లు తమ రేంజిలో చూసింది చూసినట్టు రాశారు. చివరికి ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో బర్మా టేకు అడవుల్లో చాలాచోట్ల ఆ కాపలా సడలించారు.

ఆ సంపుటం మూసి బయటికొచ్చేసరికి చీకటి పడింది. నా వృత్తి మీద నాకు అంత గౌరవం కలిగిన సాయంత్రం ఇంకొకటి లేదు. స్లేడ్ కథను పాతికేళ్లు క్లాసుల్లో చెప్పాను. విన్న పిల్లలంతా స్లేడ్ పక్షమే వహించేవారు, నేనూ అంతే. నా దగ్గరకు ఒక స్లేడ్ వస్తే నేను ఆ పాత శాఖ పక్షాన నిలబడతానని నాకెప్పుడూ తోచలేదు.

నిజానికి 2006లోనే నిలబడ్డాను. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో 2002లో బిస్కట్ ఫైర్ అనే కార్చిచ్చు రెండు లక్షల హెక్టార్ల దాకా పాకింది. కాలిన చెట్లు నరికి అమ్ముకుంటే డబ్బూ వస్తుంది, అడవీ త్వరగా తేరుకుంటుందని చాలామంది నమ్మకం. డేనియల్ డొనాటో అనే విద్యార్థి, మరి కొందరితో కలిసి, నరికిన చోట్లా నరకని చోట్లా మొలకలు లెక్కపెట్టాడు. నరకక ముందు హెక్టారుకు 767 ఉన్న మొలకలు నరికాక 224 అయ్యాయి. నూటికి 71 పోయాయి. ‘సైన్స్’ పత్రిక ఆ చిన్న వ్యాసాన్ని 2006 జనవరిలో ముందుగా ఆన్‌లైన్‌లో పెట్టింది. అతను చదివే విశ్వవిద్యాలయంలోని ఫారెస్ట్రీ కాలేజీ ఆచార్యులు కొందరు, దాన్ని అచ్చు వేయకుండా ఆపండని పత్రికకు రాశారు. ఎడిటర్ డొనాల్డ్ కెనెడీ ఆపలేదు. అభ్యంతరాలుంటే వ్యాఖ్యగా రాసి పంపడమే పత్రికల పద్ధతి. జనవరిలోనే వ్యాసం అచ్చయింది. ఆ అధ్యయనానికి డబ్బిచ్చిన ప్రభుత్వ సంస్థ ఫిబ్రవరిలో నిధులు ఆపి, గొడవయ్యాక కొద్ది రోజుల్లోనే మళ్లీ ఇచ్చింది. ఆగస్టులో అదే పత్రిక రెండు విమర్శలనూ, వాటికి డొనాటో బృందం జవాబునూ అచ్చువేసింది.

ఆ ఏడాది మా డిపార్టుమెంటులో టీ తాగుతూ దీని గురించి మాట్లాడుకుంటుంటే నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. ‘పెద్దవాళ్లు వద్దంటున్నప్పుడు కుర్రాడికి అంత తొందరేమిటి?’ అన్నాను. మొలకల లెక్క సరిగా ఉందా లేదా అని నేను అడగలేదు. వ్యాసం పూర్తిగా చదవలేదు కూడా. డొనాటో తప్పే అయి ఉండొచ్చు, ఒప్పే అయి ఉండొచ్చు. అది తేల్చుకోవాల్సిన చోటు అచ్చుకాగితం. ఆ చోటును ముందే మూసెయ్యాలన్నవాళ్లను సమర్థించడం నేను చేసిన తప్పు.

2009 జనవరిలో, నా వ్యాసం వేసిన పత్రిక ఎడిటర్ నుంచి కవరు వచ్చింది. వేరే రాష్ట్రంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి నా వ్యాసం మీద రెండు పేజీల వ్యాఖ్య పంపింది. పద్ధతి ప్రకారం దాన్ని నాకు చూపించి, జవాబు రాయమన్నారు. రెండూ ఒకే సంచికలో పక్కపక్కన వేస్తామన్నారు. ఆ అమ్మాయి మా తోట చూడలేదు, ఖమ్మం రాలేదు. చూసిందల్లా నేను అచ్చువేసిన పట్టిక 2, అంటే తోటలోనూ అడవిలోనూ ఏ జాతి ఎన్ని ఉన్నాయో చెప్పే పట్టిక.

ఆమె ఏం రాసిందంటే, తోటలో మిగిలినవి వావిలి, తంగేడు, అడ్డసరం. వీటిని మేక ముట్టదు. తోటలో లేనివి రేగు, పరికి, బలుసు. వాటిని మేక వెతుక్కుని మేస్తుంది. జామాయిల్ ఆకు రసమే మొక్కల్ని చంపుతుంటే, మేక నోటికి ఇంపైనవే ఏరుకుని ఎందుకు చంపింది?

ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. అడ్డసరం శాస్త్రీయ నామంలో ‘అధాతోడ’ అనే మాట ఉంది. అది తమిళం నుంచి వచ్చింది. ఆడు తొడా, అంటే మేక ముట్టనిది. ఈ ముచ్చట నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి, పిల్లలు నోట్సులో రాసుకునేవాళ్లు. నా పట్టికలో అడ్డసరం పైనుంచి మూడో వరసలో ఉంది. అక్కడ ఆ పేరు టైపు చేసిన చేతులు నావే. మేక ముట్టని మొక్కే మిగిలిందంటే అక్కడ మేక తిరిగిందని అర్థం. చెట్టు పేరే చెబుతున్నా నేను వినలేదు.

అప్పుడైనా విన్నానా అంటే, లేదు. మూడు పేరాల జవాబు రాశాను. మొదటి పేరాలో నా అనుభవం ఎన్నేళ్లో రాశాను. రెండో పేరాలో, తోట గడప తొక్కని విద్యార్థిని పట్టిక చూసి అడవి గురించి మాట్లాడడం ఎలాంటిదో రాశాను. ఆ వాక్యాలు ఇక్కడ మళ్లీ రాయను, తలుచుకుంటే ఇప్పటికీ ముఖం కాలిపోతుంది. మూడో పేరాలో, ఆ తోటలో పశువుల మేత చెప్పుకోదగ్గంత లేదని రాశాను. నేను మేత కొలవలేదు. ఎవరినీ అడగలేదు. అయినా రాశాను.

ఎడిటర్ రెండు వాక్యాల్లో జవాబిచ్చారు. ‘మొదటి రెండు పేరాలు వ్యక్తుల గురించి ఉన్నాయి, మూడోది విషయం గురించి ఉంది. మూడోది మాత్రమే వేస్తాం.’ అంతకు మించి ఒక్క మాట లేదు, దెప్పు లేదు. ఆ రోజు ఆ ఉత్తరం నాకు అవమానంగా తోచింది. ఆయన అచ్చు కాకుండా ఆపిన ఆ రెండు పేరాలు నా పేరుతో లైబ్రరీల్లో నిలిచిపోకుండా పోయాయి. ఆయన ఇప్పుడు లేరు. ఆయనకు నేను కృతజ్ఞత చెప్పుకోలేదు.

మేత లేదని రాసేశాను గనుక దానికి రుజువు కావాలనిపించింది. మార్చిలో జవాబు ఖరారైంది, జులై సంచికలో రావాలి. ఏప్రిల్‌లో పాత ఫీల్డ్ బుక్ సంచిలో వేసుకుని ఖమ్మం బస్సెక్కాను. తోట అప్పటికి ఒకసారి నరికి మళ్లీ చిగురించింది. మోళ్ల మధ్య ఎండాకు కాళ్ల కింద పొడిపొడిగా విరుగుతోంది. పదిహేడో ప్లాటు మేకు ఒకటి ఇంకా అలాగే నిలబడి ఉంది, తుప్పు పట్టి, తాడు పీలిక వేలాడుతూ. ఫీల్డ్ బుక్‌లో ఆ ప్లాటు పేజీ తెరిచాను. వావిలి 6, తంగేడు 3 అని రాసి, కింద అంచున నా చేతిరాతతోనే ఇంకో మాట ఉంది. ‘మేక పెంటికలు, పాతవి.’

పేజీలు తిప్పాను. పంతొమ్మిదిలో ఉంది. నాలుగులో ఉంది. తోట ప్లాట్లు 20లో 11 చోట్ల ఆ మాట రాసుకున్నాను. అడవి ప్లాట్లలో ఎక్కడా లేదు. కంప్యూటర్‌లోకి లెక్కలు ఎక్కించేటప్పుడు అంచున రాసుకున్నవన్నీ అనవసరమని వదిలేశాను. దాచాలని కాదు. నాకు కావలసిన జవాబు ముందే తెలిసిపోయింది గనుక, వేరే జవాబు నా చేతిరాతలో ఉన్నా నాకు కనబడలేదు.

బండిబాట పక్కన కానుగ చెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, చుట్టూ నలభై దాకా మేకలు. నన్ను గుర్తుపట్టాడు.

‘తాళ్లు కట్టి లెక్కపెట్టిన సారు కదా?’

ఇక్కడ ఎన్నాళ్లుగా మేపుతున్నావని అడిగాను.

‘తోట పెట్టిన మూడో ఏటి నుంచి మేపుతున్నా సారూ. ఈ ఆకు మేక తినదు, అందుకని తోటాయన ఏమనడు. అటు అడవిలోకి గార్డు పోనియ్యడు.’

మరి మేం కొలతలు తీసినప్పుడు ఒక్క మేకా కనబడలేదే అన్నాను.

‘మీ తాళ్లు తెంపుతాయని అవతలి చేలోకి తోలుకుపోయాను సారూ. మీరు పోయిందాకా అక్కడే మేపాను.’

నా పని చెడకూడదని ఆయన దాదాపు రెండు నెలలు మేకల్ని దూరం తోలుకుపోయాడు. నేను ఆయన్ని పలకరించలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఆ వ్యాసం పుట్టేదే కాదు. రివ్యూయర్ అడిగింది మేత సంగతే, ఆ అమ్మాయి అడిగింది మేత సంగతే. ఆ ఇద్దరికీ జవాబు ఈయన దగ్గరుంది.

బస్సులో తిరిగొస్తూ రేపే ఎడిటర్‌కు ఫోన్ చేసి ఆ మూడో పేరా ఆపించాలనుకున్నాను. ఇంటికొచ్చాక రేపన్నది ఎల్లుండి అయింది. ఆ ఏడే నాకు ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ఉంది. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడి థీసిస్‌లో రెండో అధ్యాయం ఆ వ్యాసం మీదే నిలబడింది. ఇలాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను. జులైలో సంచిక వచ్చింది. ఎడమ పేజీలో ఆమె ప్రశ్న, కుడి పేజీలో నా అబద్ధం. రాసినప్పుడు అది తెలియనితనం. ఏప్రిల్ తర్వాత కూడా ఆపకపోవడంతో అది అబద్ధమైంది. చదివినవాళ్లకు అనుభవమున్న అధ్యాపకుడి మాటే నమ్మకంగా తోచి ఉంటుంది.

ఆ తర్వాత ఆ వ్యాసం దానంతట అది తిరిగింది. ఇతరుల వ్యాసాల్లోకి వెళ్లింది, థీసిస్‌లలోకి వెళ్లింది. ఒకసారి రైతుల సమావేశంలో పక్క వక్త నా ఫలితాన్ని చదివి వినిపించి, జామాయిల్ వేసినవాళ్లు నేలను చంపుకుంటున్నారన్నారు. ముందు వరసలో కూర్చున్న కౌలు రైతు ఒకరు లేచి, ‘నిజమేనా సార్?’ అని నన్నే అడిగాడు. ‘జాగ్రత్తగా ఉండాలి’ అన్నాను. అవునని కాదు, కాదని కాదు. యూకలిప్టస్ ఆకులో మొలకల్ని అణచే గుణం ఉందని ప్రయోగశాలల్లో చూపించినవాళ్లున్నారు. ఆ చెట్టు నిర్దోషి అని నేను చెప్పడం లేదు. నా వ్యాసం దాని మీద ఏ రుజువూ ఇవ్వలేదని చెబుతున్నాను. ఆ రోజు ఆ రైతుకు చెప్పాల్సిన మాట అదే.

2023 ఫిబ్రవరిలో ‘నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం నన్ను కదిలించింది. చెట్ల వేళ్ల మధ్య శిలీంధ్రాలు అల్లుకుని, వాటి ద్వారా చెట్లు ఒకదానికొకటి ఆహారం పంపుకుంటాయని, తల్లి చెట్టు పిల్ల మొక్కను పోషిస్తుందని ఈ మధ్య అందరూ చెప్పుకునే మాట. దాని మూలం 1997లో సుజాన్ సిమర్డ్, ఆమె సహచరులు ‘నేచర్’లో రాసిన వ్యాసం. 2023లో జస్టిన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హెక్సెమా పాత అధ్యయనాలన్నీ తిరగేశారు. అడవిలో చూపించిన దానికంటే చాలా ఎక్కువ చెప్పుకుంటున్నామనీ, పెద్ద చెట్టు తన పిల్లకే ఏరి పంపుతుందనడానికి అడవిలో తీసిన రుజువు అచ్చులో లేదనీ, ఆధారం లేని వాక్యాలు ఒక వ్యాసం నుంచి ఇంకో వ్యాసానికి పాకుతూ పాతికేళ్లలో రెట్టింపయ్యాయనీ రాశారు. ఆ వాదం ఇంకా తెగలేదు, అవతలి పక్షం కూడా గట్టిగానే రాస్తోంది. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. మెలనీ జోన్స్ 1997 నాటి వ్యాసంలో సహరచయిత. తన పేరున్న వ్యాసం చుట్టూ పెరిగిన మాటల్ని తనే ముందుకొచ్చి తూకం వేసింది.

అంతకు నాలుగేళ్ల ముందు ఇంకోటి చూశాను. ‘సైన్స్’లో 2019లో బాస్టిన్ బృందం, భూమ్మీద ఇంకా 90 కోట్ల హెక్టార్లలో చెట్ల నీడ పెంచవచ్చనీ, అది 205 గిగాటన్నుల కర్బనం పట్టుకుంటుందనీ రాసింది. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి అన్నిటికంటే మంచి మార్గం ఇదేనన్నారు. సహజంగా గడ్డి మైదానంగా ఉండాల్సిన నేలల్నీ లెక్కలో కలిపేశారని పలువురు అదే పత్రికలో ఎదురు రాశారు. 2020 మేలో సవరణ వచ్చింది. అన్నిటికంటే మంచిదన్నచోట మంచివాటిలో ఒకటని మార్చారు. మారింది రెండు మూడు మాటలే. ఆ రెండు మూడు మాటలు మార్చుకున్నందుకు ఎవరూ చచ్చిపోలేదు. నేను పద్నాలుగేళ్లు ఎందుకు భయపడ్డానో నాకు నేనే జవాబు చెప్పుకోలేకపోయాను.

2023 నవంబర్‌లో పత్రిక కొత్త ఎడిటర్‌కు రాశాను. ఫీల్డ్ బుక్ పేజీలు ఫొటోలు తీసి పంపాను. పదకొండు ప్లాట్ల సంగతి, మేకల కాపరి చెప్పింది, జులై 2009 జవాబులో నేను రాసింది తప్పని తెలిసీ ఆపలేదన్నది, అన్నీ రాశాను. వ్యాసాన్ని మొత్తం ఉపసంహరించాలా, సవరణ వేస్తే చాలా అని వాళ్లు ఆలోచించారు. కొలతలు నిజమైనవే గనుక సవరణ వేసి, ముగింపు వాక్యాలను రద్దు చేస్తూ, ఆ జవాబును మాత్రం ఉపసంహరించారు. నాకు అది సబబుగానే అనిపించింది.

ఆ అమ్మాయికి కూడా రాశాను. ఇప్పుడామె ఒక విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతోంది. క్షమాపణ అడిగాను, తను చదవని ఆ రెండు పేరాల గురించి కూడా చెప్పాను. రెండు రోజులకు జవాబొచ్చింది. ‘థాంక్యూ సార్. మీరు జాతుల పట్టిక పూర్తిగా అచ్చువేయబట్టే నాకు మేకలు కనిపించాయి. చాలామంది అదీ వేయరు.’ ఆ తర్వాత, ఆ తోట ఇంకా ఉందా అని అడిగింది.

తోట ఉంది. పెద్దాయన లేడు, ఆయన మనవడు మేపుతున్నాడు.

నా 2007 వ్యాసాన్ని మీ థీసిస్‌లోనో వ్యాసంలోనో ఉటంకించినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకో విన్నపం. దాని ముగింపును నమ్మకండి, జామాయిల్ మీద దాన్ని సాక్ష్యంగా వాడకండి. పట్టిక 2 మాత్రం వాడుకోవచ్చు. అందులో మొక్కల లెక్క సరైనదే.